ఆటస్థలపు బాకీ

పసుపు త్రవ్వి, ఉడుకబెట్టి, ఆరబోయు దినములలో మా ఏర్గట్ల ప్రాంతమున చదునైన నేల ఎక్కడ కనబడినను కొమ్ములు పరచుకొని యుండును. కళ్లము చాలని రైతు బడి ముందరి మైదానమునో, ఊరి వెలుపలి గైరానునో ఆశ్రయించును. ఆ కొన్ని వారములు బాలుర ఆటలు సాగవు. అందులకు ఎవ్వరును గోల చేయరు. ఏలయన కొమ్ములు ఎండిన పిదప రైతు వానిని బస్తాల కెత్తి నిజామాబాదు మార్కెట్టుకు తోలుకొని పోవును. నేల ఊడ్చి విడిచిపెట్టును. మరునాటి సాయంకాలమునకే అచ్చట సున్నపు గీతలు పడును, కబడ్డీ కూత వినబడును. పసుపు నేలను బదులు పుచ్చుకొనును, బదులు తీర్చును.

మేమిప్పుడు వ్రాయబూనినది బదులు తీర్చని మరియొక వాడుకను గూర్చి. ఊరికి నీరు తెచ్చు పనుల కొరకు, అనగా ఎత్తైన ట్యాంకులకు, సంపులకు, పంపుహౌసులకు, కాలువల విస్తరణకు, గొట్టముల దారులకు, ఆటస్థలములు పోవుచున్నవి. పోయినవి తిరిగి వచ్చుట లేదు. వాని స్థానమున మరియొకటి యిచ్చుట తమ విధియని తలంచువారును కానరారు. ఇది చిన్న విషయమని చదువరులు తలంపకుందురుగాక. ఊరిలో చేవ్రాలు చేయలేని వారి ఆస్తిని, వారు చేవ్రాలు చేయలేరను కారణముననే పుచ్చుకొనుట చిన్న విషయము కానేరదు.

మేము నీటికి విరోధులము కాము. ఆ మాట మొదటనే చెప్పుట మంచిది. 1963 జూలై 26వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ఆనకట్ట మాకు ఎంతో దూరమున లేదు. ఆ జలాశయమునుండి 284 కిలోమీటర్లు సాగిన కాకతీయ కాలువ ఎన్ని మెట్టపొలములను మాగాణి చేసెనో తెలంగాణమున ఎరుగనివారు లేరు. చెరువుల పూడిక తీయు మిషన్ కాకతీయ 2015 మార్చి 12న మా పాత జిల్లాలోని సదాశివనగర్‌లోనే ఆరంభమయ్యెను. 2016 ఆగస్టు 7న కోమటిబండలో ఆరంభమైన మిషన్ భగీరథ గ్రామములందు మనిషికి దినమునకు 100 లీటర్ల శుద్ధజలము ఇంటిముంగిటికి చేర్చుటను లక్ష్యముగా పెట్టుకొనెను. బోరుబావి నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగి, పండ్లు పసుపువారిన నల్లగొండ బిడ్డలను చూచినవాడెవ్వడును ఆ పనిని తేలికగా మాటాడడు. నీరు కావలెను. ట్యాంకు కట్టవలెను. ప్రశ్న అది కాదు. ఆ ట్యాంకు క్రింద పోయిన నేలకు బదులు ఎవరు తీర్తురనునదే ప్రశ్న.

నేల ఎట్లు పోవుచున్నదో విచారింతము. ట్యాంకు కట్టు ఇంజనీరునకు కావలసిన గుణములు మూడు. ఆ నేల ఊరికి దగ్గరగా నుండవలెను. నీరు తనంత తాను ఇండ్లకు పారునట్లు కొంచెము ఎత్తుగా నుండవలెను. దానిపై తగవు లేకుండవలెను. ఈ మూడును గల నేల ఊరిలో సాధారణముగా ఒక్కటే. అది బడి ఆటస్థలము. పట్టాదారుని పొలము కోరినచో అతడు ధర అడుగును, కోర్టుకు పోవును, పని ఏడాది నిలుచును. ఆటస్థలమునకు పట్టాదారు లేడు. పహాణీలో అది సర్కారీ అనియో గైరాను అనియో యుండును. పిల్లలు తరతరములుగా ఆడుకొనిన స్థలమను మాట ఏ గడిలోను వ్రాసి యుండదు. పంచాయతీ తీర్మానమొక్కటి చాలును. నష్టపరిహారము లేదు, నోటీసు లేదు, అభ్యంతరము లేదు. ఈ సులభత్వమే ఆటస్థలమునకు మృత్యువైనది.

మేము కొన్నియేండ్లు ఉపాధ్యాయులముగా నుండిన ఒక గ్రామమున ఇట్లే జరిగెను. ఊరి పేరుతో పనిలేదు. అట్టి ఊళ్లు అనేకములు. మైదానమునకు సరిగా నడుమ ట్యాంకు లేచెను. దాని చుట్టును ఇనుపకంచె, ప్రక్కను వాల్వుల గది, వెనుకను గొట్టముల గుట్ట. మిగిలిన నేల మూరతో కొలిచిన చాలదనరాదు. కాని అది కొడవలివలె వంకరగా నుండెను. అందు పరుగుపందెమునకు తిన్నని దారి లేదు, ఖోఖోకు చదరము లేదు. పెద్ద బాలురు రోడ్డుమీద క్రికెట్టు ఆడ మొదలిడిరి. చిన్నవారు కంచె నానుకొని కూర్చుండిరి. బాలికలు ఇండ్లకు పోయిరి, మరల రాలేదు. ఆ తీర్మానము చదువబడిన సభలో మేమును కూర్చుండి యుంటిమి. నీటికి అడ్డు చెప్పిన పంతులను నింద పడునేమోయని నోరు మెదపలేదు. కనుక ఈ వ్యాసమున మేము ఇతరులపై మోపు తప్పులో మా భాగము గలదని ముందుగా ఒప్పుకొనుచున్నాము.

ఇక చట్టము చెప్పునదేమి? పోచంపాడు కట్టిన నాడు భూసేకరణ యనగా పోయిన భూమికి ధర కట్టుటయే. ఊరితో పోయిన రచ్చబండకు, వల్లకాటికి, ఆటస్థలమునకు ధర కట్టు లెక్క లేకుండెను. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టము ఈ లోపమును కొంత తీర్చినది. ముంపువలన కదలిన కుటుంబములకు క్రొత్త ఊరు కట్టునప్పుడు ఏమేమి యుండవలెనో దాని మూడవ అనుబంధము వరుసగా చెప్పినది. రోడ్లు, మురుగుకాలువలు, పశువులకు నీరు, బడి, వల్లకాడు మున్నగు వానితోపాటు పిల్లల ఆటస్థలమును అందు స్పష్టముగా చేర్చినది. అనగా ఆటస్థలము విలాసము కాదనియు, ఊరికి ఊపిరివంటిదనియు శాసనకర్తలే ఒప్పుకొనిరి. మిక్కిలి సంతోషము. కాని ఇందొక వింత గలదు. ఊరంతయు మునిగినచో పిల్లలకు ఆటస్థలము లభించును. ఊరు నిలిచి ఆటస్థల మొక్కటియే మునిగినచో ఏమియు లభింపదు! ఇల్లు కదలలేదు గనుక పునరావాసము లేదు; పట్టా లేదు గనుక పరిహారము లేదు. నీటిపనికి సర్వమును అర్పించినవానికి న్యాయమున్నది. కొంత అర్పించినవానికి లేదు.

బడి ఆటస్థలముల విషయమున చట్టము ఇంకను గట్టిగా నున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడికి ఉండితీరవలసిన వానిలో తరగతిగదులతో, త్రాగునీటితో సమానముగా ఆటస్థలమును లెక్కించినది. హర్యానాలో బడి మైదానమును కొందరు ఆక్రమించిన వ్యాజ్యమున 2023లో సుప్రీంకోర్టు ఆటస్థలము లేని బడి యుండరాదని చెప్పి, ఆక్రమణ తొలగింప ఆజ్ఞాపించినది. ఆక్రమించినవాడు పొరుగు రైతైనచో నేరము. ఆక్రమించినది ప్రభుత్వపు ట్యాంకైనచో అభివృద్ధి. ఈ భేదము మాకు బోధపడుట లేదు. బంతి విసరు బాలునకు కంచె ఎవరు కట్టిరను విచారముతో పనియేమి?

ఇప్పుడు ఎదుటివారి వాదములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది: నీరు ప్రాణాధారము, ఆట సోమరితనము, రెంటిని ఒక త్రాసున తూచుట తగదు. ఈ మాట చెప్పువారిలో సంస్కృతము చదివిన పెద్దలును గలరు. వారికి కుమారసంభవపు పంచమసర్గమును జ్ఞప్తికి తెచ్చుచున్నాము. బ్రహ్మచారివేషమున వచ్చిన శివుడు తపమున నున్న పార్వతిని కుశలమడుగుచు, స్నానమునకు తగిన నీటిని గూర్చియు, దేహబలమును గూర్చియు ఒకే శ్లోకమున ప్రశ్నించును. శరీరమునకు ధర్మసాధనములలో అగ్రస్థానమిచ్చును. కాళిదాసునకు నీరును దేహమును ఒక్క శ్లోకమున ఇమిడినవి. మనకు ఒక్క ఊరిలో ఇముడుట లేదు! శుద్ధజలము త్రాగించుట దేహము కొరకే కదా. ఆ దేహమును కదలనీయక గదిలో కూర్చుండబెట్టి నీరు మాత్రము పోయుట కుండలో మొక్కను నాటి ఎండ తగులనీయకుండుట వంటిది.

మా జిల్లా ఆడబిడ్డ నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను ముష్టియుద్ధమున ప్రపంచవిజేత యయ్యెను. ఆమె తొలి అడుగులు పడినది ఏ మహాసౌధమునను కాదు. నిజామాబాదు కలెక్టరేటు మైదానమున. తండ్రి వెంట పరుగులు నేర్వబోయి, అచ్చట ముష్టియుద్ధపు బరిలో బాలికలు లేకుండుట చూచి, ఏలయని ప్రశ్నించి, తానే బరిలో దిగెను. ఆ నేల మీద ఆనాడు మరియేదేని కట్టడము లేచియున్నచో ఆ ప్రశ్న పుట్టియుండదు. పతకము వచ్చిన దినమున ఊరేగింపులు చేయుదుము; పతకము మొలచు నేలను కాపాడ మనకు తీరిక లేదు.

రెండవది: పల్లెటూరిలో నేలకు కొదువయా? పొలములందు, చెరువు శిఖమునందు ఆడుకొనరాదా? ఒకప్పుడు ఆడిరి. వేసవిలో ఎండిన చెరువు అడుగు వారి మైదానమై యుండెను. నేడు పూడిక తీసిన చెరువులలో నీరు ఎక్కువకాలము నిలుచుచున్నది, అది సంతోషించదగినదే. పొలమో, ఏడాది పొడవునను పైరు మీద నుండును. పసుపు ఒక్కటే ఎనిమిది తొమ్మిది నెలలు నేలను విడువదు. మోటారు తీగలు, పాములు, పట్టాదారుని కర్ర వేరుగా గలవు. నీరు పెరిగినకొలది ఖాళీనేల తరుగును. కనుక నీటి సమృద్ధి గల ఊరికే ఆటస్థలమును ప్రత్యేకముగా నిలుపవలసిన అవసరము ఎక్కువ.

మూడవది: 2022లో ప్రభుత్వము ఊరూరను క్రీడాప్రాంగణములు ఏర్పరచెను గదా, ఇంకేమి కావలెను? మంచి సంకల్పమునకు మేము నమస్కరింతుము. కాని అది వచ్చిన వరుసను గమనింపుడు. 2019 నుండి పల్లెప్రగతి పేర నర్సరీ, చెత్తదిబ్బ, వైకుంఠధామము, ప్రకృతివనము, అటుపిమ్మట రైతువేదిక, ఇవన్నియు ఊరి సర్కారీ నేలను పంచుకొనినవి. ఏర్గట్ల వంటి ఊళ్లు 2016లో మండల కేంద్రములైనప్పుడు కార్యాలయములకును నేల కావలసి వచ్చెను. విందులో కడపటి పంక్తిని కూర్చుండిన వానికి వలె పిల్లలకు అడుగంటినది వడ్డింపబడినది. కొన్ని గ్రామములందు ప్రాంగణమనగా గుట్టవాలున, ఊరికి ఆమడ దూరమున, తుమ్మచెట్ల నడుమ నిలిచిన పేరుపలక మాత్రమే. పలక మీద బంతి యాడ వీలుకాదు.

నాలుగవది: బదులిచ్చుటకు నేల లేదు. ఎంత నేల కావలెనో లెక్కింతము. కబడ్డీ బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. ఖోఖో బరి 27 మీటర్లు, 16 మీటర్లు. మూడును కలిసి 724 చదరపు మీటర్లు. మన లెక్కలో ఏడు గుంటలకు కొంచెము ఎక్కువ. చుట్టును పరుగెత్తుటకు, నిలిచి చూచుటకు చోటు విడిచినను 20 గుంటలు, అనగా అర ఎకరము, చాలును. వందల ఎకరముల ఆయకట్టుకు నీరు పారించు పథకము అర ఎకరము కొనలేదనుట నమ్మదగిన మాట కాదు. నీటిపనికి కరెంటు స్తంభము అడ్డువచ్చినచో దానిని పెరికి వేరొక చోట పాతు వ్యయము అంచనాలో ముందే చేరును. స్తంభమునకు గల మర్యాద బాలునకు లేకపోవుట మన అంచనాల దోషమా, మన మనస్సుల దోషమా?

ఈ నష్టము అందరికిని సమానముగా పంచబడుట లేదను మాటను మా చదువరులు, అందు ముఖ్యముగా గృహిణులు, శ్రద్ధగా ఆలకింపవలెను. ఉన్నవారి బిడ్డకు ఆర్మూరులోనో నిజామాబాదులోనో రుసుము గట్టి నేర్చు శిక్షణశాల గలదు. గల్ఫుకు పోయిన తండ్రి పంపిన సొమ్ముతో కట్టిన మేడలో మరియొక బిడ్డకు చేతిఫోను గలదు. ఈ రెండును లేని వాడపిల్లలకు ఉచితముగా లభించిన భాగ్యమొక్కటే, బడి మైదానము. ఊరిలో అన్ని కులముల బిడ్డలు ఒకరి చేయి ఒకరు పట్టుకొని గుండ్రముగా నిలుచు తావు అదియొక్కటే. గుడిలో వరుసలున్నవి, విందులో పంక్తులున్నవి. కబడ్డీ కూతలో కులము వినబడదు. అంటరానితనమును ఉపన్యాసములతో తొలగింపజూచు మనము, దానిని ఆటతో తొలగించు నేలను పోగొట్టుకొనుచున్నాము.

బాలికల నష్టము ఇంకను ఘోరము. కుళాయి ఇంటికి రాకపూర్వము బిందె మోయుట ఆడపిల్ల పని. కుళాయి వచ్చి ఆమెకు సాయంకాలమున ఒక గంట మిగిల్చినది. ఇంతకంటె గొప్ప దానము భగీరథుడును చేసియుండడు. కాని ఆ గంటను గడుపవలసిన నేల మీదనే ట్యాంకు నిలిచినది! బాలుడు రోడ్డునకు పోవును, దూరపు గుట్టకు పోవును. తల్లి యేమియు అనదు. బాలికను బడి ఆవరణము దాటి పోనీయరు. ఆటస్థలము ఊరికి దూరమైన దినమున ఆడపిల్లకు అది లేనట్లే. నీరు ఇచ్చిన గంటను నేల తీసికొనినది. ఆ గంట తిరిగి వంటింటిలోనికి పోయినది.

ఇతరదేశములవారు ఈ చిక్కును ఎట్లు విప్పిరో చూతము. ఇంగ్లండులో ఆటమైదానముల రక్షణకు 1925లోనే ఒక జాతీయ సంఘము వెలసినది. నేడచ్చట మైదానముమీద ఏదేని కట్టదలచినవారికి స్పోర్ట్ ఇంగ్లండు అను సంస్థ పెట్టు నియమములలో ముఖ్యమైన దొకటి గలదు. పోవు మైదానమునకు బదులు, అంతకు తక్కువ కాని విస్తీర్ణమున, తక్కువ కాని గుణమున, జనులకు అందుబాటులో, క్రొత్త మైదానము సిద్ధము చేయవలెను. అదియును కట్టడము మొదలు పెట్టక పూర్వమే. అమెరికాలో 1965 నుండి అమలులో నున్న ఒక చట్టము, దాని నిధితో ఏర్పడిన క్రీడాస్థలమును మరియొక పనికి మార్చినచో సమానమైన విలువయు సమానమైన ప్రయోజనమును గల వేరొక స్థలము నిచ్చితీరవలెనని విధించినది. న్యూయార్కు నగరమున హార్లెము వాడవారి నెత్తిన మురుగునీటి శుద్ధికేంద్రము పెట్టినప్పుడు వారు ఊరకుండలేదు. ఫలితముగా 1993లో ఆ కేంద్రపు కప్పు మీదనే 28 ఎకరముల ఉద్యానము, ఈతకొలను, ఆటస్థలములు వెలసినవి. నీరును ఆటయు ఒకదానికొకటి శత్రువులు కావనుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా? వారు ధనవంతులు, మనము పేదలమని చెప్పవచ్చును. మేము కప్పు మీది ఉద్యానము నడుగుట లేదు. చదును చేసిన అర ఎకరము నడుగుచున్నాము.

కావున మా కోరికలు ఇవి. ఒకటి: క్రొత్త ఆటస్థలము చదును చేసి పిల్లలకు అప్పగించినగాని పాతదానిమీద గునపము పడరాదు. పని ముగిసిన పిమ్మట ఇత్తుమను మాట నీటిమీది వ్రాత. రెండు: అది పాతదానికి తక్కువ కాని విస్తీర్ణమున, బాలిక ఒంటరిగా పది నిమిషములలో నడచి పోగల దూరమున, పెద్దరోడ్డును కాలువను దాట నక్కరలేని చోట నుండవలెను. మూడు: దాని వ్యయము నీటిపని అంచనాలోనే చేరవలెను, పంచాయతీ దయకు విడువరాదు. నాలుగు: ఆ నేల ఆటస్థలమను పేరుతోనే రికార్డుల కెక్కవలెను, లేనిచో పదియేండ్లకు మరియొక ట్యాంకు వచ్చును. ఐదు: పాత స్థలమే తప్పనిసరియైనచో ట్యాంకును మూలకు జరుపుడు, గొట్టమును లోతుగా పాతి పైనేల చదును చేయుడు. నడుమ నిలుపుట ఇంజనీరునకు సౌకర్యము కావచ్చును గాని శాస్త్రము కాదు.

గ్రామాభివృద్ధి కమిటీల పెద్దలకును ఒక మాట. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతములందు ఈ కమిటీల మాటకు గల బలము జగమెరిగినది. వేలములు పాడి సొమ్ము కూర్చుటయు, గుళ్లు, కమానులు కట్టించుటయు వారికి చేతనగును. ఆ బలమును తోటివారిని వెలివేయుటకు వినియోగించిన అపకీర్తియు కొన్నింటికి గలదు. అదే బలమును ఒక్కసారి పిల్లల పక్షమున వినియోగించి, బదులు నేల చూపినగాని తీర్మానము లేదని సభలో పలికినచో, ఏ అధికారి కాదనగలడు?

తల్లిదండ్రులారా, మీ తప్పును దాచుట మాకు సాధ్యము కాదు. మార్కుల కొరకు ఆటగంటను లెక్కలగంటగా మార్చుమని మమ్ము కోరినవారు మీరు. తలయూపి మార్చినవారము మేము. మైదానమును మనమే ముందుగా బాలుర దినచర్యనుండి తొలగించితిమి. ట్యాంకు వచ్చి ఆ ఖాళీని నింపినది. వాడని నేల అందరికిని లోకువ. కనుక గ్రామసభలో అడుగుటకు ముందు, ఈ సాయంకాలమే మీ కొడుకును కూతురును మైదానమునకు పంపుడు. ఆడుచున్న నలువది మంది పిల్లల నడుమ కొలతగొలుసు పట్టుకొని నిలుచుట ఏ సర్వేయరుకును సులభము కాదు.

మా ప్రాంతపు రైతు చదువనక్కరలేకయే ఎరిగిన ధర్మమొకటి గలదు: ఊరినేల మీద పసుపు ఆరబోసినవాడు ఊడ్చి తిరిగి ఇయ్యవలెను. ఆ రైతునకున్న మర్యాద నీటిపథకమునకు నేర్పుటయే మా కోరిక. ఇంటింట కుళాయి పారుచున్నది. ఆ నీరు త్రాగి పెరుగు బిడ్డలకు పరుగెత్తు నేలను బాకీపడితిమి. బాకీ తీర్చక పొందిన అభివృద్ధి అప్పులవాని పెండ్లివంటిది. పందిరి విప్పకమునుపే అప్పులవాడు వాకిట నిలుచును. ఈ బాకీ అడుగువారు చిన్నవారు, వాకిట నిలిచి అడుగలేరు. వారి పక్షమున మనమే అడుగవలెను.